సిచువాన్ తొమ్మిది రోజుల ప్యాకేజీ: అన్నీ చూపించారు, కొండకే అన్యాయం చేశారు

జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మాది ధరణికోట, పాత పేరు ధాన్యకటకం. చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్ త్సాంగ్ పాఠం వచ్చినప్పుడల్లా "ఈయన మన ఊరొచ్చాడర్రా, ఇక్కడే నెలల తరబడి ఉండి చదువుకున్నాడు" అని పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు బెంగళూరులో, మారతహళ్లి దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. అంత దూరం నుంచి ఆయన మన ఊరికి వచ్చాడు కదా, ఆయన దేశం ఒక్కసారన్నా చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. మొన్న అక్టోబరు చివర్లో అన్నయ్య, వదిన, మావారు, నేను కలిసి చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి వెళ్లొచ్చాం. బెంగళూరులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్ల ప్యాకేజీ. ఏజెన్సీ పేరు రాయడం లేదు, చెప్పాల్సింది వాళ్ల ఆఫీసుకే వెళ్లి చెప్పాను. ఇప్పుడు చాలామంది ఇదే టూరు అమ్ముతున్నారు, అందరి టూరు కాగితాల్లోనూ దాదాపు ఇవే ఊళ్లు. ఎవరి దగ్గర కొన్నా మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మనిషికి 1,92,000 రూపాయలు. వీసా, బ్యాంకాక్ మీదుగా సిచువాన్ రాజధాని చెంగ్డూకి రానూపోనూ విమానం, హోటళ్లు, అన్నిచోట్లా టిక్కెట్లు, పొద్దుటి టిఫిను, రాత్రి భోజనం అందులోనే. మధ్యాహ్నం తిండి మనదే. మొత్తం 22 మందిమి, సగానికి పైగా తెలుగువాళ్లమే. మాతో వచ్చిన టూర్ మేనేజర్ హిందూపురం అబ్బాయి. ఆ పిల్లాడికి ఎంత చెప్పినా తక్కువే. అన్నయ్యకి మోకాళ్ల నొప్పులని అడక్కుండానే బ్యాంకాక్‌లో వీల్‌చైర్ పెట్టించాడు. బయల్దేరే ముందే అందరి ఫోన్లలో అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టించి మన కార్డులు కలిపించాడు. యూపీఐకి అలవాటుపడ్డ చేతికి అది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. అక్కడ దాదాపు అన్నిచోట్లా స్కానింగే. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. ఇక్కడినుంచే రోమింగ్ వేయించుకెళ్తే ఏ ఇబ్బందీ ఉండదు. మేం వేయించుకున్నాం, మనవడితో రోజూ మాట్లాడాం.

డబ్బు దగ్గర ఎక్కడా కక్కుర్తి పడలేదు. గదులు శుభ్రం, బస్సు కొత్తది, డ్రైవరు నెమ్మదైన మనిషి. లోటల్లా సమయం దగ్గరే.

మొదటి ఉదాహరణ రాత్రి భోజనమే. చెంగ్డూలో ఉన్న రోజుల్లో ఎక్కడ తిరిగినా సాయంత్రం ఆరయ్యేసరికి నగరానికి అటుచివరనున్న ఇండియన్ రెస్టారెంటుకి పరుగు. ట్రాఫిక్‌లో గంటన్నర. వెళ్తే అదే పనీరు, అదే పప్పు, అదే నాన్. ఆ గంటన్నర మాకు ఒక గుడిలోనో కొండ మీదో ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! నేను, వదిన శాకాహారులం, అయినా అక్కడ మాకు ఇబ్బంది కలగలేదు. మా గైడ్ అమ్మాయి ఒక కార్డు మీద "నేను శాకాహారిని, మాంసం, చేప, గుడ్డు వద్దు" అని చైనీసులో రాసిచ్చింది. అది చూపిస్తే టోఫూ, బెండకాయంత లేతగా ఉండే ఏవో కాడలు, పుట్టగొడుగులు, అన్నం పెట్టేవాళ్లు. సిచువాన్ వాళ్లు అన్నం తినే జనం, కారం తినే జనం. గుంటూరు వాళ్లం అక్కడ ఆకలికి మాడిపోం. ఒక్క విషయం మాత్రం ముందే తెలిసి ఉండాలి. వాళ్ల కూరల్లో హువాజియావో అని మిరియాల్లాంటి గింజ వేస్తారు. అది కారం కాదు, తిమ్మిరి. చిన్నప్పుడు మాటలు సరిగ్గా రావడం లేదని మా అమ్మమ్మ నాలుక మీద అక్కలకర్ర రాసేది చూశారా, అచ్చం అలా జివ్వుమంటుంది. మావారు మొదటిరోజు కంగారుపడి బీపీ మాత్ర వేసుకోబోయారు. మూడో రోజుకి ఆయనే అడిగి వేయించుకున్నారు.

చెంగ్డూలో వెన్షు మఠం ఉంది. వెన్షు అంటే మన మంజుశ్రీ బోధిసత్వుడే. హుయాన్ త్సాంగ్ పుర్రె ఎముక ముక్క తమ దగ్గర ఉందని ఆ మఠం వాళ్లు చెబుతారు. ఆయన 622లో పూర్తి భిక్షువుగా దీక్ష తీసుకున్నది ఈ చెంగ్డూ నగరంలోనే. అక్కడినుంచి బయల్దేరిన జీవితం 640 ప్రాంతంలో మా ధాన్యకటకం దాకా వచ్చింది. ఈ మాట గైడ్ అమ్మాయికి చెప్తే "మీ ఊరా? మీ సొంత ఊరా?" అని రెండుసార్లు అడిగి, నా చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి టీ తెప్పించింది. మఠంలోనే శాకాహార భోజనశాల ఉంది. తొమ్మిది రోజుల్లో మేం తిన్న మంచి భోజనం అదే. ఇదంతా మా కాగితంలో "వీలైతే" అని రాసి ఉన్న గంట. వీలు చేసుకోండి.

ఇక పాండాలు. కాగితంలో "వొలోంగ్ అభయారణ్యంలో అడవి పాండాల దర్శనం" అని అచ్చు వేశారు. ఇది సరికాదు, వాళ్ల మొహం మీదే చెప్పాను. వొలోంగ్ 1963 నుంచి రక్షిత ప్రాంతం, దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల కొండలు, వెదురు అడవులు. కానీ టూరిస్టులు చూసేది అడవిలో తిరిగే పాండాలను కాదు, షెన్‌షుపింగ్ కేంద్రంలో పెంచుతున్న వాటిని. బందీపూర్‌లో జీపెక్కి ఏనుగు కోసం వెతుక్కున్నట్టు ఇక్కడ ఉండదు. 2015లో ప్రకటించిన లెక్కల్లో అడవి పాండాలు మొత్తం 1,864 అయితే అందులో 1,387 సిచువాన్‌లోనే ఉన్నాయి. అవి మనుషుల అలికిడికే తప్పుకునే జంతువులు. చూడనివ్వకపోవడమే మంచిది. ఉన్నది ఉన్నట్టు కాగితంలో రాస్తే చాలు. మాతో వచ్చిన నెల్లూరు దంపతులు మూడువేల రూపాయల బైనాక్యులర్స్ కొనుక్కొచ్చి ఎంత బాధపడ్డారో చూశాను.

ఆ కేంద్రం మాత్రం వెళ్లి తీరాల్సిందే. 2008 మే 12న వచ్చిన భూకంపంలో పాత కేంద్రం దెబ్బతింటే పాండాలను వేరేచోటికి తరలించి, తర్వాత ఇక్కడ కొత్తది కట్టారు. చెంగ్డూ నగరంలో 1987లో మొదలైన పెద్ద కేంద్రం కూడా ఉంది. అక్కడ జనం తిరునాళ్లలా ఉంటారు. అది కూడా చూశాం. పొద్దున్నే, గేటు తీసే వేళకే తీసుకెళ్లారు. అది మంచి పని చేశారు, ఎందుకంటే ఎండ ముదిరితే పాండాలు లోపలికి పోయి పడుకుంటాయి. కానీ తీరిగ్గా చూసింది వొలోంగ్‌లోనే. ఒకటి మాకు పది అడుగుల దూరంలో, మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద గోడకానుకున్న పెద్దాయనలా కూర్చుంది. పొట్ట మీద వెదురు ముక్కల రాశి. ఒక కాడ తీసుకుని పక్కపళ్లతో పచ్చటి బెరడు పట్టి చెరుకు ఒలిచినట్టు చర్రున లాగి పడేస్తోంది, లోపలి తెల్లటి భాగం కరకరా నమిలేస్తోంది. ఆకులైతే ఒక్కొక్కటే తినదు. ఒక్కోటీ కొరికి నోటి పక్కన పోగేసుకుని, గుప్పెడయ్యాక తమలపాకుల కట్టలా చేత్తో పట్టుకుని ఒకేసారి కొరుకుతుంది. దాని మణికట్టు దగ్గర ఒక ఎముక పెరిగి బొటనవేలులా పనిచేస్తుందని పుస్తకంలో చెప్పడమే తప్ప, ఆ పట్టు కళ్లారా చూడటం ఇదే. మాంసం తినే జంతువు కడుపుతో వెదురు తిని బతకాలి. తిన్నదాంట్లో ఐదో వంతు కూడా ఒంటబట్టదు. అందుకే రోజంతా తింటూనే ఉండాలి పాపం. ఇక్కడ మాకు రెండున్నర గంటలిచ్చారు, సరిపోయింది.

అదే రోజు దారిలో దుజియాంగ్యాన్, పాతకాలపు నీటిపారుదల కట్టడం. దీనికి ఇచ్చింది యాభై నిమిషాలు. మా నాన్న కృష్ణా కాలువ కింద వ్యవసాయం చేశారు. కాలువకి నీళ్లు వదిలారన్న కబురొచ్చిన రోజు మా ఇంట్లో పండగే. అలాంటి ఇంటి పిల్లని ఈ చోట యాభై నిమిషాలు నిలబెట్టి "ఫోటోలు అయ్యాయా" అంటే ఎలా? మన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇది క్రీస్తు పూర్వం 256 నాటిది, ఇవాళ్టికీ చెంగ్డూ మైదానానికి నీళ్లిస్తోంది. పైగా అప్పట్లో నదికి అడ్డంగా ఆనకట్టే కట్టలేదు! మిన్ నది మధ్యలో చేప నోరులా ఒక మొన కట్టి నీటిని రెండుగా చీల్చారు. లోపలి పాయ లోతు, బయటి పాయ వెడల్పు. నీళ్లు తక్కువున్నప్పుడు ఎక్కువ వాటా లోతుగా ఉన్న పాయలోకి, అంటే పొలాలకి పోతుంది. వరదొస్తే ఎక్కువ వాటా వెడల్పు పాయలోకి మళ్లి నదిలోకే పోతుంది. పొలాల వైపు పాయ ఒక కొండను తొలిచిన ఇరుకు మూతిలోంచి వెళ్లాలి. మందుగుండు లేని కాలం కాబట్టి, రాయిని మంటతో కాల్చి నీళ్లు చల్లి పగలగొట్టారట. చేయించిన అధికారి పేరు లీ బింగ్. ఆయనకీ ఆయన కొడుక్కీ ఒడ్డున గుడి కట్టి పూజ చేస్తున్నారు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహానికి దండలు వేసేవాళ్లం మనం, అందుకే మాకిది వింతగా అనిపించలేదు. ఆ గుడి గోడ మీద ఆరు అక్షరాలున్నాయి. గైడ్ అమ్మాయి చదివి అర్థం చెప్పింది: "ఇసక లోతుగా తియ్యి, కట్ట ఎత్తు పెంచకు." మా అన్నయ్య ఇరిగేషన్‌లో చేశారు. ఆ మాట వినగానే చేతికర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయారు. బస్సు హారన్ రెండుసార్లు కొట్టేదాకా లేవలేదు.

జియుజైగౌ సరస్సుల లోయ గురించి అందరూ రాస్తారు, నేను తక్కువే రాస్తాను. ఇక్కడ ఏజెన్సీ సరిగ్గా చేసింది. రెండు రాత్రులు ఉంచారు. ఒకప్పుడు చెంగ్డూ నుంచి ఘాట్ రోడ్డులో రోజంతా బస్సు ప్రయాణం ఉండేది. 2024 ఆగస్టులో రైలు వచ్చింది కాబట్టి ఇప్పుడు రెండు గంటల్లోపు దగ్గరి స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి బస్సు. నీటి రంగు నెమలి కంఠమే. అడుగున పడిపోయిన చెట్ల మొద్దులు తెల్లగా సున్నం పట్టి, గాజు పెట్టెలో పెట్టినట్టు కనిపిస్తాయి. 2017 ఆగస్టు 8 భూకంపంలో ఇక్కడ ఒక సరస్సు కట్ట తెగి ఎండిపోయిందట, తర్వాత బాగుచేసి మళ్లీ నింపారు. అది చూపించినప్పుడు గైడ్ గొంతు మారింది. హువాంగ్‌లోంగ్ కొండలోయ ఎక్కడం మాత్రం పెద్దవాళ్లు ఆలోచించుకోండి. మూడువేల మీటర్లు దాటిన ఎత్తు. వదినకి తల తిరిగి సగంలోనే ఆగిపోయింది. మేనేజర్ అబ్బాయి ఆమెతో కిందే ఉన్నాడు.

లెషాన్ బుద్ధుణ్ణి పడవలోంచి చూపించారు. మెట్లదారిన పాదాల దాకా దిగాలంటే గంటల తరబడి క్యూ. మా వయసుకి పడవే మేలు. 713లో మొదలుపెట్టి 803కి పూర్తిచేసిన మైత్రేయుడు (రాబోయే బుద్ధుడు), 71 మీటర్లు, ఎర్రటి కొండలో కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మూడు నదులు కలిసేచోటికి చూస్తుంటాడు. జుట్టు ముడుల మధ్య, చెవుల వెనక వాననీళ్లు పోవడానికి తూములు తొలిచారు. పన్నెండు వందల ఏళ్లు రాయి నిలిచిందంటే ఆ తూముల చలవే. పడవ ఆయన ఎదురుగా ఆగినప్పుడు మా బస్సులో కన్నడావిడ ఒకరు ఏమీ మాట్లాడకుండా చెప్పులు విప్పేశారు. చూసి మేమందరం విప్పాం.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ టూరు కొన్నది ఎమెయ్ కొండ కోసం. చైనా బౌద్ధులకు నాలుగు పుణ్యపర్వతాలున్నాయి, ఇది సమంతభద్రుడనే బోధిసత్వుడిది. వాళ్ల మాటలో పుషియన్. గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలో సుధనుడనే కుర్రాడు జ్ఞానం వెతుక్కుంటూ ఊరూరా గురువుల దగ్గరికి తిరుగుతాడు. అతని ఊరు ధాన్యాకరం. అది మా ధాన్యకటకమేనని కొందరు పండితుల అభిప్రాయం. అన్ని ఊళ్లూ తిరిగాక ఆ పిల్లవాడు చివరికి చేరేది సమంతభద్రుడి దగ్గరికి. మా ఊరి పిల్లవాడు చేరిన చోటు అని నేను ఎన్నేళ్లుగానో మనసులో పెట్టుకున్న కొండ అది.

దానికి ప్యాకేజీలో ఇచ్చింది సగం పూట. పొద్దున లెషాన్, మధ్యాహ్నం ఎమెయ్, రాత్రికి మళ్లీ చెంగ్డూ. కింది బావోగువో గుడి దగ్గర్నుంచి కొండ బస్సులో రెండు గంటలు. దిగాక మెట్లు. అక్కడినుంచి రోప్‌వే. పైకి చేరేసరికి సాయంత్రం, మూడువేల మీటర్ల పైన దట్టమైన పొగమంచు. 48 మీటర్ల బంగారు విగ్రహం ముందు నిలబడి దాని పాదపీఠం తప్ప ఏమీ చూడలేకపోయాం. "అమ్మా, ఇరవై ఐదు నిమిషాల్లో ఆఖరి రోప్‌వే" అన్నాడు మేనేజర్. మర్నాటి కార్యక్రమం ఏమిటంటే చెంగ్డూలో షాపింగ్, రోజంతా!

"నాయనా, రేపు షాపింగేగా. మేం రాము. ఈ రాత్రి ఇక్కడే ఉంటాం" అన్నాను. వాడు బెంగళూరు ఆఫీసుకి ఫోన్ చేశాడు. బాధ్యత మాది కాదని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాం. మా నలుగురితో పాటు నెల్లూరు దంపతులూ, చెప్పులు విప్పిన కన్నడావిడా, ఆమె కూతురూ ఆగిపోయారు. గైడ్ అమ్మాయి మాతో ఉండిపోయింది, పైనే ఉన్న లాడ్జిలో గదులు మాట్లాడింది. గదికి ఐదువేల పైచిలుకు. తడి వాసన, సన్నటి పరుపు, కానీ పరుపు కింద కరెంటు దుప్పటి ఉంది, వేడివేడి నూడుల్స్ గిన్నె దొరికింది. మాత్రలు మా చేతిసంచుల్లోనే ఉన్నాయి. ఇంకేం కావాలి?

చైనా అంతా బీజింగ్ టైమే కాబట్టి అక్కడ ఆ రోజుల్లో ఏడు దాటాకగానీ తెల్లారదు. ఆరున్నరకి చీకట్లో అద్దె కోట్లు వేసుకుని బయటికొచ్చాం. మెట్లకి అటూఇటూ ఏనుగు బొమ్మలు, సమంతభద్రుడి వాహనం ఏనుగే. ఎవరో సాంబ్రాణిలాంటి ధూపం వెలిగించారు. మేం పైమెట్టు ఎక్కేసరికి మబ్బులన్నీ కాళ్ల కిందకి దిగిపోయి ఉన్నాయి. తెల్లటి సముద్రం, అంచుదాకా. ముందు పడమటి వైపు దూరంగా ఒక మంచుకొండ కొస గులాబీరంగుకి తిరిగింది. గోంగా శిఖరమట, ఏడున్నరవేల మీటర్లు. తర్వాత విగ్రహం పైనున్న ముఖాలకి ఎండ తగిలింది. పది దిక్కులకి పది ముఖాలు. ఒక్కొక్కటే వెలుగుతూ కిందికి దిగింది వెలుతురు, ఏనుగుల దాకా. జనం కుడివైపుగా ప్రదక్షిణం మొదలుపెట్టారు. మేమూ కలిసిపోయాం. మావారు ఏ గుడికెళ్లినా బయట కూర్చునే మనిషి, మూడుసార్లు తిరిగారు.

ఎండ వెనక, మబ్బు ముందు ఉంటే ఇక్కడ మన నీడ చుట్టూ రంగుల వలయం కనిపిస్తుంది, బుద్ధుడి వెలుగంటారు. మాకు కనపడలేదు. చాలామందికి కనపడదు. తొందరపెట్టేవాళ్లు లేకపోతే ఎదురుచూడటం కూడా బాగుంటుంది.

దిగేటప్పుడు వాన్నియన్ గుడికి తీసుకెళ్లింది ఆ అమ్మాయి. అది మా కాగితంలో లేనే లేదు. దూలం ఒక్కటీ లేకుండా ఇటుకతో కట్టిన గుండ్రటి కప్పు గది. లోపల 980లో పోత పోసిన కంచు ఏనుగు మీద సమంతభద్రుడు, 62 టన్నులు. ఏనుగుకి ఆరు దంతాలు, నాలుగు కాళ్ల కిందా నాలుగు పద్మాలు. గది చిన్నది, ఏనుగు పెద్దది. అంత దగ్గర్నుంచి చూస్తే మోకాలి దగ్గర చర్మం ముడతలు కూడా కనిపిస్తాయి. ఏనుగుల్ని తెలిసినవాళ్లే పోసి ఉండాలి అన్నారు అన్నయ్య.

కోతుల సంగతి ఒకటి చెప్పాలి. గడ్డమున్న పెద్ద కోతులు, మన కొండల మీది వాటికి రెండింతలు. ఒకటి వదిన భుజం మీది సంచి జిప్పు మెల్లిగా లాగి, జంతికల కవరు తీసుకుని, మూడుమెట్లు పైకెళ్లి కూర్చుని తినింది. వదిన అరవలేదు, కదల్లేదు, అదే మంచిదైంది. ఖాళీ అరచేతులు చూపించి నడిచిపోవాలి. కవర్లు బయటికి కనపడకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద దొరికే వెదురు చేతికర్ర తప్పక కొనుక్కోండి, రోప్‌వే ఉన్నా మెట్లు తప్పవు. అలిపిరి మెట్లు ఎక్కే ఓపిక ఉన్నవాళ్లకి ఇవి ఒక లెక్క కాదు.

తిరిగొచ్చాక ఏజెన్సీ ఆఫీసుకెళ్లి మూడు విషయాలు రాసిచ్చాను: ఎమెయ్ మీద ఒక రాత్రి ఉంచండి, దుజియాంగ్యాన్‌కి కనీసం సగం రోజు ఇవ్వండి, "అడవి పాండాలు" అన్న మాట తీసేయండి. మర్యాదగానే విన్నారు, కాఫీ ఇచ్చారు. పోయిన వారం హిందూపురం అబ్బాయి ఏప్రిల్ బ్యాచ్ కాగితం వాట్సాప్‌లో పంపాడు. పాండాల మాట మార్చారు. కొండ మీద రాత్రి పెట్టారు. షాపింగ్ రోజు మాత్రం అలాగే ఉంది, ఆ రాత్రి కోసం దుజియాంగ్యాన్‌ని పూర్తిగా ఎత్తేశారు. సోమవారం మళ్లీ వాళ్ల ఆఫీసుకి వెళ్తున్నాం, ఈసారి అన్నయ్య కూడా వస్తానన్నారు.